గేటు దాకా వెళ్ళి వచ్చే మా చిన్నోడు

కడప,
ఆదివారం ఉదయం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. పాపకు పదో నెల వచ్చిందనీ, మొన్నటిదాకా ఎవరు చేతులు చాపినా నవ్వుతూ వెళ్ళిపోయిన పిల్ల ఇప్పుడు వాళ్ళమ్మ, మా చెల్లెమ్మ, పక్కగదిలోకి వెళ్ళినా గుక్కపెట్టి ఏడుస్తోందనీ, ముంబైలో ఆ చిన్న ఫ్లాట్‌లో అడగడానికి పెద్దవాళ్ళెవరూ లేక మీరిద్దరూ బెంగపడుతున్నారనీ రాశావు. ఇందులో బెంగపడవలసింది ఏమీ లేదు. ఆ మాట ముందుగా చెప్పేసి, మిగిలినది తీరిగ్గా రాస్తాను. ఏడాదిన్నర దాటిన మా చిన్నోడు ఇంట్లో తిరుగుతుండగా మాకు కూడా ప్రస్తుతం ఇది తప్ప వేరే లోకం లేదు.

ఎనిమిదో నెల ప్రాంతంలో పిల్లల బుద్ధిలో ఒక పెద్ద మార్పు వస్తుంది. అంతవరకు కంటికి కనిపించనిది వాళ్ళకు లేనట్టే లెక్క. ఆ తర్వాత, కనిపించకపోయినా వస్తువు ఎక్కడో ఉందని వాళ్ళకు తెలియడం మొదలవుతుంది. గుడ్డ కింద దాచిన గిలక్కాయ కోసం గుడ్డను లాగి వెతికేది అప్పుడే. అమ్మ విషయంలోనూ అంతే. అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, కానీ ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తుందన్న నమ్మకం ఇంకా కుదరలేదు, అందుకే ఆ ఏడుపు. పది నెలల నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఇది బాగా ముదిరి, రెండు మూడేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లల్లో దానంతట అదే తగ్గుతుందని పిల్లల డాక్టర్లు చెబుతారు. మీ పాప సరిగ్గా ఏడవవలసిన వయసులోనే ఏడుస్తోంది.

ఇక మా ఇంటి సంగతి. తెల్లవారుజామున నా భార్య, అదే మీ చెల్లెలు, పక్క మీద నుంచి లేచిన మరుక్షణం వాడికి మెలకువ వస్తుంది. రాత్రంతా ఆమె తాళిబొట్టు దారం వేలికి చుట్టుకుని పడుకుంటాడు కాబట్టి, ఆ దారం జారిందంటే అమ్మ లేచిందని వాడికి తెలిసిపోతుంది. అక్కడి నుంచి ఆమె ఎటు కదిలితే అటు చీర కుచ్చిళ్ళు పట్టుకుని నడుస్తాడు. ఆమె స్నానానికి వెళితే తలుపు ముందు బోర్లా పడుకుని, కింది సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికి పెడతాడు. ఆమె లోపలి నుంచి "ఇక్కడే ఉన్నాను నాయనా, నీళ్ళు పోసుకుంటున్నాను, వస్తున్నాను" అని మాట్లాడుతూ ఉంటే ఏడవడు. మాట ఆగిందంటే వెంటనే తలుపు మీద చేత్తో కొడతాడు. మనిషి కనిపించకపోయినా గొంతు వినిపిస్తే వాళ్ళకు చాలునని దీని వల్ల మాకు అర్థమైంది. చెల్లెమ్మకు ఈ మాట తప్పకుండా చెప్పు. వంటింట్లో ఉన్నా, బట్టలు ఆరేస్తున్నా, పాపతో మాట్లాడుతూనే ఉండమను.

సంగటి గెలికేటప్పుడు మాత్రం వాణ్ణి దగ్గరికి రానివ్వం. కాగే ఎసరు, ఆవిరి కక్కే పిండి, రెండు చేతులతో కట్టె తిప్పుతున్న తల్లి, వీపు మీదికి ఎక్కబోయే పిల్లవాడు, ఇవన్నీ ఒక చోట చేరితే ఎంత ప్రమాదమో నీకు చెప్పనక్కరలేదు. ఆ పది నిమిషాలు వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని వంటింటి గడప ఇవతల కూర్చుంటాను. గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. గడప దగ్గర, అమ్మ కనిపించే చోట కూర్చుంటే, రెండు స్టీలు గ్లాసులు ఇచ్చినా చాలు, ఆడుకుంటాడు. వాళ్ళకు కావలసింది ఎప్పుడూ చంకే కానక్కరలేదు.

అంటిపెట్టుకోవడం ఇంత ఉన్న పిల్లవాడికి అల్లరి తక్కువ ఉంటుందనుకుంటావేమో. వాడికి కాలు ఒక చోట నిలవదు. బియ్యం డబ్బా మూత, వాళ్ళ జేజి (మా అమ్మ) కళ్ళజోడు, నా పరీక్ష పేపర్ల కట్ట, మోటారు స్విచ్, వాడి చెయ్యి తగలని వస్తువు మా ఇంట్లో లేదు. ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మావాడు ఆ లెక్కను మధ్యాహ్నం భోజనానికి ముందే పూర్తి చేస్తాడు. అందుకే వాడు పరుగెత్తినప్పుడు "కూర్చో" అనడం మానేసి, పరుగెత్తడానికి వీలుగా ఇంటినే మార్చాం. మంచం కోళ్ళకు గుడ్డలు చుట్టాం, మిద్దె మెట్లకు అడ్డంగా చిన్న గేటు పెట్టించాం. ఎండాకాలంలో మిద్దె మీది బండలు కాలిపోయి పసిపాదాలు బొబ్బలెక్కుతాయి కాబట్టి, సాయంత్రం నీళ్ళు చల్లి చల్లారిందాకా పైకి పంపం.

ఇంట్లో పరిచినవి నీకు తెలుసు కదా, మన కడప బండలే. గ్లాసులో నీళ్ళు ఒలకబోసుకుని, ఆ తడిలో అడుగులు వేస్తూ వాడు వెనక్కి తిరిగి చూసుకుంటాడు. నల్లని బండ మీద ఐదు వేళ్ళతో సహా పాదం గుర్తు మరింత నల్లగా పడుతుంది. వేసవి వేడికి అది అంచుల నుంచి ఆరుతూ వచ్చి, ముందు వేళ్ళు మాయమై, చివరికి మడమ దగ్గర చిన్న చుక్క మిగిలి, అది కూడా పోతుంది. వాడు వంగి ఆ చోటును వేలితో తడిమి, నా వైపు చూసి, రెండు చేతులూ తిప్పి "లే" అంటాడు. మళ్ళీ తడిలో కాలు పెట్టి, మళ్ళీ గుర్తు వేసి, మళ్ళీ చూస్తాడు. పోయినది తిరిగి వస్తుందా అన్న ప్రశ్నను వాడు ఎంత శ్రద్ధగా పరీక్షిస్తున్నాడో చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం బడి నుంచి వచ్చాక వసారాలో కూర్చుంటాను. వాడు గేటు దాకా పరుగెత్తి, కమ్మీని తాకి, వెనక్కి వచ్చి నా మోకాలి మీద చెయ్యి వేసి, మళ్ళీ పరుగెత్తుతాడు. వీధిలో ఎనుము కనిపించిందో, ఆటో శబ్దం వినిపించిందో, తిరిగి రావడం తొందరగా జరుగుతుంది. ఏమీ లేకపోతే ఇంకాస్త దూరం, మునగచెట్టు దాకా వెళతాడు. నేను లేచి లోపలికి వెళితే ఆట ఆగిపోతుంది. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల్లో ఉగాండా గ్రామాల్లో తల్లులనూ పసిపిల్లలనూ గమనించి చెప్పింది ఇదే. తల్లి దగ్గర భద్రంగా ఉన్నానన్న నమ్మకం ఉన్న బిడ్డే ధైర్యంగా దూరం వెళ్ళి లోకాన్ని చూసి వస్తుంది. తర్వాత అమెరికాలో ఆమె ఏడాది వయసున్న పిల్లలను తల్లి కాసేపు వదిలి వెళ్ళి తిరిగి వచ్చేలా ఏర్పాటు చేసి పరిశీలించినప్పుడు, తల్లి వెళ్ళేటప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నదాని కంటే, తిరిగి వచ్చినప్పుడు ఆమె దగ్గర ఎలా ఊరట పొందిందన్నదే ముఖ్యమని తేల్చింది. అందుచేత అంటిపెట్టుకోవడమూ అల్లరీ రెండు వేర్వేరు సమస్యలని నేను అనుకోవడం లేదు. మోకాలి మీద చెయ్యి వేయనిస్తేనే వాడు గేటు దాకా వెళ్ళగలుగుతున్నాడు.

ఇంట్లో ఒక విషయం మీద మాత్రం మా అమ్మకూ నాకూ మాట కలవదు. ఉదయం నేను బడికీ, మీ చెల్లెలు బ్యాంకుకూ బయలుదేరేటప్పుడు వాడికి చెప్పే వెళతాం. వాడు ఏడుస్తాడు, అమ్మకు కడుపు తరుక్కుపోతుంది. "ఊరికే ఏడిపిస్తాండారు పిల్లోన్ని. నేను పెరట్లో కాకిని చూపిస్తాంటాను, వాడు సూడకుండా పోతే పోదా?" అంటుంది. మనల్నందరినీ అలాగే పెంచారు, ప్రేమతోనే పెంచారు, ఆమె మాటలో కాఠిన్యం ఏమీ లేదు. అయినా చెప్పకుండా జారుకోవడం నాకు సమ్మతం కాదు. కాకిని చూసి వెనక్కి తిరిగేసరికి అమ్మ మాయమైతే, ఇక మీదట కాకిని చూడటానికి కూడా వాడికి భయం వేస్తుంది. ఎప్పుడు ఎవరు మాయమవుతారో తెలియని బిడ్డ మరింత గట్టిగా కొంగు పట్టుకుంటాడు. కాబట్టి ముద్దు పెట్టి, "అమ్మ బ్యాంకుకు పోయి, నువ్వు నిద్ర లేచి పాలు తాగాక వస్తుంది" అని చెప్పి, టాటా చెప్పి, ఆగకుండా వెళ్ళిపోతాం. ఏడుపు విని మళ్ళీ వెనక్కి వచ్చి, మళ్ళీ బయలుదేరి, ఇలా సాగదీస్తే వాడికీ మనకూ కష్టమే. గేటు దాటిన కాసేపటికే వాడు జేజి దగ్గర బొరుగులు ఏరుకుంటూ ఉంటాడని అమ్మే ఫోనులో చెబుతుంది. అన్నట్టు, "మాట వినకపోతే నిన్ను వదిలేసి పోతా" అనీ, "బూచోడికి ఇచ్చేస్తా" అనీ మన ఇళ్ళలో అలవాటుగా అనే మాటలను మా ఇంట్లో పూర్తిగా ఆపించాం. అమ్మ కూడా ఒప్పుకుంది. దిష్టి తీయడం మాత్రం ఆమె మానలేదు, నేను మానమని అడగలేదు.

బొరుగులంటే గుర్తుకొచ్చింది. మన వైపు చెనక్కాయలు ప్రతి ఇంట్లోనూ నేల మీద దొర్లుతుంటాయి. పరుగెత్తే పిల్ల నోట్లో గింజ ఉంటే అది గాలిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. నాలుగైదేళ్ళు వచ్చేవరకు గింజ గింజగా పెట్టవద్దు, పెడితే మెత్తగా పొడి చేసి పెట్టండి. ఇంకొకటి, పాప ఏడుపు ఆపడానికి ఫోను చేతికి ఇవ్వవద్దు. రెండేళ్ళు నిండేవరకు తెర అసలే వద్దని వైద్యులు గట్టిగా చెబుతున్నారు.

ఇప్పుడు నీకు విడిగా ఒక మాట. మొన్న రాత్రి మీ చెల్లెలు, వాడు నిద్రపోయాక, "పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరు నన్ను పట్టుకునే ఉన్నారు, ఈ ఒళ్ళు నాది కానట్టు ఉంది" అంది. విసుగుతో అన్న మాట కాదు, అలసటతో అన్నది. బిడ్డ అంటిపెట్టుకోవడం సహజమే, కానీ రోజంతా అంటిపెట్టుకోనిచ్చేది ఒక మనిషి. ఆ మరుసటి రోజు నుంచి సాయంత్రం ఒక గంట వాడు పూర్తిగా నా బాధ్యత. బండి మీద ముందు కూర్చోబెట్టుకోను, నడిపించుకుంటూ బుగ్గవంక ఏటి వైపు తీసుకెళతాను, కొంగలను చూపిస్తాను, దారిలో ప్రతి కుక్కకూ వాడు టాటా చెప్పేదాకా ఆగుతాను. ఆమె ఆ గంటలో పడుకుంటుందో, పుస్తకం చదువుకుంటుందో, నేను అడగను. నువ్వు కూడా పాపను అలా తీసుకో. మొదట్లో "అమ్మ" అని ఏడుస్తుంది, అప్పుడు వెంటనే చెల్లెమ్మ చేతికి ఇచ్చేయకు. భుజాన వేసుకుని, కిటికీ దగ్గర నిలబడి, నీ గొంతు పాపకు అలవాటయ్యేలా ఏదో ఒకటి పాడు. ఏడుస్తున్న బిడ్డను ఓదార్చడం తండ్రికి రాదని అంటారు గానీ, ఓదార్చే అవకాశం తండ్రికి ఎవరూ ఇవ్వరన్నది నిజం.

పాప పిలిస్తే పలకకపోయినా, కళ్ళలోకి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా, పద్దెనిమిది నెలలు వచ్చినా నడవకపోయినా డాక్టరుకు చూపించాలి. ఉత్తరంలో నువ్వు రాసిన దాన్ని బట్టి అలాంటివేవీ లేవు.

ఉగాదికి వస్తామన్నారు కదా, తప్పకుండా రండి. పండుగ నాడు దేవుని కడప గుడిలో జనం ఎక్కువగా ఉంటారు, ముస్లిం సోదరులు కూడా ఆ రోజు స్వామి దర్శనానికి వస్తారు కాబట్టి వరుస పొడుగ్గానే ఉంటుంది. పిల్లలతో పొద్దున్నే వెళ్ళి వచ్చేద్దాం. ఒక్క మనవి. ఇంట్లోకి రాగానే మావాణ్ణి ఎత్తుకోవడానికి చేతులు చాపవద్దు. పెళ్ళిళ్ళలో చుట్టాలందరూ అదే చేసి, వాడు అరిస్తే "అలవాటు చేయలేదు" అని మీ చెల్లెల్ని అంటున్నారు. నువ్వు కింద కూర్చుని నాతో మాట్లాడుతూ ఉండు, పక్కన రెండు గ్లాసులు పెట్టుకో, వాడే వచ్చి నీ చెప్పులో, కళ్ళజోడో పట్టుకుంటాడు. పాపను కూడా మా అమ్మ మొదటే ఎత్తుకోకుండా చూసే పూచీ నాది.

మీ చెల్లెలు మిమ్మల్నిద్దరినీ అడిగానని రాయమంది. ఏ రైలుకు వస్తున్నారో ముందుగా తెలియజేయి, స్టేషనుకు నేను వస్తాను.

ఇట్లు,
నీ చిన్ననాటి స్నేహితుడు