పిల్లల ఆట మీద పందేలు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుని లేఖ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతి సెలవులకు ముందు వచ్చే వార్తాలేఖలో ఏటా పరీక్షల గురించీ, పదో తరగతి వారి ప్రత్యేక తరగతుల గురించీ రాస్తుంటాను. ఈసారి ఆ వివరాలను తరగతి ఉపాధ్యాయులు మీకు విడిగా తెలియజేస్తారు. నవంబరులో మన మైదానంలో జరిగిన ఒక సంగతిని మీ ముందు ఉంచడం అంతకంటే అవసరమని భావించి, ఈ ఉత్తరాన్ని పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

తొమ్మిది, పదో తరగతుల జట్ల మధ్య టెన్నిస్ బంతితో క్రికెట్ మ్యాచ్ జరిగింది. చివరి ఓవరులో గాల్లోకి లేచిన బంతి కింద నిలబడిన తొమ్మిదో తరగతి కుర్రవాడు, పడమటి ఎండ కళ్ళలో కొట్టడంతో, చేతుల్లో పడిన క్యాచ్‌ను జారవిడిచాడు. జట్టు ఓడిపోయింది. అక్కడితో ముగియవలసిన విషయం మర్నాటికి వేరే రూపం దాల్చింది. అతడి బెంచీ మీద ఎవరో సుద్దముక్కతో ‘ఎంత తీసుకున్నావు?’ అని రాశారు. విచారిస్తే, ఆ సాయంత్రం ప్రహరీ గోడ దగ్గర పందేలు నడిచాయనీ, డబ్బు పోగొట్టుకున్నవారు అతడు కావాలనే క్యాచ్ వదిలేశాడని పుకారు లేవదీశారనీ తేలింది. పందేలు రాసుకున్న నోటుపుస్తకం చివరి పేజీని నేను చూశాను. గెలుపోటముల మీదే కాక, ఏ ఓవరులో వైడ్ పడుతుంది, ముందుగా ఎవరు అవుటవుతారు అన్నవాటి మీద కూడా పొడి అక్షరాల పక్కన 10, 20, 50 అంటూ అంకెలు వేసి ఉన్నాయి. ఒక చోట 500 ఉంది. అది పిల్లల డబ్బు కాదు. మ్యాచ్ చూడడానికి వచ్చిన ఒక పెద్దమనిషిది. ఆ సమయంలో నేనూ మైదానంలోనే, గోడకు ఇవతల కుర్చీలో కూర్చుని ఉన్నాను. గమనించలేకపోయినందుకు ఆ అబ్బాయి తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పుకున్నాను.

అతడు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. తన ఆట మీద పందేలు కాశారన్న సంగతే అప్పటికి అతడికి తెలియదు. అయినా రెండు వారాల పాటు మైదానం వైపు రాలేదు.

పరీక్షలో తప్పు రాస్తే మార్కులు పోతాయి, ఇంట్లో తప్పు చేస్తే మాట పడవలసి వస్తుంది. తప్పు చేసినా వెంటనే తరువాతి బంతికి మళ్ళీ ప్రయత్నించగలిగే చోటు పిల్లలకు ఆటస్థలం ఒక్కటే అని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు అనిపించింది. బడిలో ఆటల పీరియడును ఎవరు అడిగినా వేరే పాఠానికి ఇవ్వకపోవడానికి కారణం కూడా అదే. ఆ ఆట మీద బయటివారు డబ్బు పెట్టాక పిల్లవాడి పొరపాటు అతడిది కాకుండా పోతుంది. అది ఒకరి జేబుకు నష్టం, ఇంకొకరి జేబుకు లాభం అవుతుంది. నిజాయితీగానే ఓడిపోయానని నిరూపించుకోవడానికి పద్నాలుగేళ్ళ పిల్లవాడి దగ్గర ఏ సాక్ష్యం ఉంటుంది?

తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి, “మా చిన్నప్పుడు గోళీలకూ జీడిపిక్కలకూ పందెం వేసుకోలేదా మాస్టారూ? సంక్రాంతికి కోడిపందేలు ఆడడం లేదా?” అని అడిగారు. ఆయన మనసులో ఉన్నది దాచకుండా అడిగినందుకు సంతోషించాను. జీడిపిక్కల ఆటలో పందెం కాసేది ఆడేవాడే. తన గురి మీద తన పిక్కలనే ఒడ్డుతాడు, పోతే తనవే పోతాయి. గోడ అవతల నిలబడి మరొకరి బిడ్డ మీద పందెం కాయడం దానితో పోల్చదగినది కాదు. కోడిపందేలను చట్టం ఎన్నడో నిషేధించింది. ఆ మాట పక్కన పెట్టినా, తన మీద ఎవరు ఎంత కాశారో కోడికి తెలియదు, పిల్లవాడికి తెలిసిపోతుంది.

చిన్న ఆటలో చిన్న పందెమే కదా, ఏమవుతుందిలే అనుకోవడానికి కూడా వీలు లేదు. ఐపీఎల్ వంటి పోటీల్లో అవినీతి నిరోధక విభాగం ఉంటుంది, మ్యాచ్ జరిగేటప్పుడు ఆటగాళ్ళ ఫోన్లు తీసి పక్కన పెడతారు. అంత కాపలా ఉన్నప్పటికీ 2013లో స్పాట్ ఫిక్సింగ్ (డబ్బు తీసుకుని, ముందే కుదుర్చుకున్నట్టు ఆటలో కొంత భాగాన్ని ఆడడం) ఆరోపణలపై ముగ్గురు ఆటగాళ్ళను ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. మన మైదానంలో అంపైరు పదో తరగతి విద్యార్థి. ఒక వైడ్ వేయించడానికి ఒక కూల్‌డ్రింకు చాలు.

2022లో గుజరాత్‌లోని మెహసానా జిల్లా మోలిపుర్ అనే ఊళ్ళో జరిగినది మీలో కొందరు చదివే ఉంటారు. కొందరు ఒక పొలాన్ని అద్దెకు తీసుకుని, లైట్లు బిగించి, సుమారు ఇరవైమంది వ్యవసాయ కూలీలకూ పని లేని కుర్రవాళ్ళకూ మ్యాచ్‌కు 400 రూపాయల చొప్పున ఇచ్చి, ఐపీఎల్ జట్ల జెర్సీలు తొడిగి ఆడించారు. ఆ ఆటను యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. జనం అరుపులు రికార్డు చేసి వినిపించారు. అసలైన లీగ్ అని నమ్మి పందేలు కాసినవారు రష్యాలో ఉన్నారు. ఏ బంతికి ఏమి జరగాలో టెలిగ్రామ్‌లో నిర్ణయమై, వాకీటాకీ ద్వారా అంపైరుకూ, అతడి నుంచి ఆటగాళ్ళకూ చేరేది. క్వార్టర్ ఫైనల్ దశకు వచ్చాక పోలీసులు పట్టుకున్నారు. ఎవరు ఆడుతున్నారన్నది పందెం కాసేవాడికి ముఖ్యం కాదనీ, కదిలే బొమ్మా మారే స్కోరూ ఉంటే అతడికి చాలనీ ఈ ఉదంతం వల్ల తెలుస్తున్నది. అందువల్ల మన విద్యార్థుల మ్యాచ్‌లను ఫోనులో లైవ్ పెట్టవద్దనీ, బంతి బంతికీ స్కోరును గ్రూపుల్లో పంపవద్దనీ మిమ్మల్ని కోరుతున్నాను. మీరు ముచ్చటపడే పెడుతున్నారని నాకు తెలుసు. వీడియో తీసుకుని, మ్యాచ్ అయిపోయాక బంధువులకు నిరభ్యంతరంగా పంపండి.

ఆ నోటుపుస్తకంలో లెక్క ‘పదికి పద్దెనిమిది’. ఇద్దరు చెరో 10 రూపాయలు పెడితే గెలిచినవాడికి 18 వస్తాయి, 2 రూపాయలు పుస్తకం పట్టుకున్నవాడికి మిగులుతాయి. మా గణిత ఉపాధ్యాయురాలు దీనినే పదో తరగతి వారికి సంభావ్యత పాఠంలో బోర్డు మీద చేయించారు. యాభై పందేల్లో సరిగ్గా సగం గెలిచినవాడికి గెలుపుకు 8 చొప్పున 200 లాభం వస్తుంది, ఓటమికి 10 చొప్పున 250 పోతాయి. సగం గెలిచికూడా 50 రూపాయలు ఎలా పోయాయో తేల్చుకోవడానికి పిల్లలు రెండుసార్లు లెక్క వేసుకున్నారు.

గోడ దగ్గర పదితో మొదలైన అలవాటు ఫోనులోని బెట్టింగ్ యాప్‌కు చేరడానికి ఎక్కువ రోజులు పట్టదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది; వాటిని నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. అయితే ఇళ్ళలో మనకు ఎక్కువగా అక్కరకు వచ్చేది వీటికంటే పాత చట్టం. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. ఆ బాకీ కోసం ఎవరూ కోర్టుకు వెళ్ళలేరు. పద్దెనిమిదేళ్ళు నిండనివారి ఒప్పందం అసలే చెల్లదు. కోర్టుకు వెళ్ళలేరు కనుకనే బెదిరింపులకు దిగుతారు. ‘నాన్నకు చెబుతాం’ అన్న ఒక్క మాటకు భయపడి పిల్లలు ఇంట్లో డబ్బు తీయడమో, నానమ్మ ఫోనులోంచి పంపడమో చేస్తారు. అటువంటిది మీ దృష్టికి వస్తే దయచేసి చెయ్యి చేసుకోకండి. ‘నువ్వు ఎవరికీ బాకీ లేవు, అడిగేవాళ్ళతో మేము మాట్లాడతాము’ అని ముందు చెప్పండి. మిగిలినది తరువాత మాట్లాడుకోవచ్చు. ఆన్‌లైన్‌లో డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, పిల్లవాడిని ఎవరైనా బెదిరిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. నా దగ్గరకు ఏ వేళ వచ్చినా సరే.

నోటుపుస్తకం నడిపిన విద్యార్థులను మేము బడి నుంచి పంపించలేదు. డబ్బు ఎవరిది వారికి తిరిగి ఇప్పించాము, బెంచీ మీది రాతను వారిచేతనే తుడిపించాము. వారి పేర్లు గానీ క్యాచ్ వదిలిన అబ్బాయి పేరు గానీ ఊళ్ళో చర్చకు రాకుండా చూడవలసిందిగా, తెలిసినవారిని ప్రార్థిస్తున్నాను. 500 రాయించిన పెద్దమనిషి ఇంకా నన్ను కలవలేదు. సెలవులకు ముందు ఒకసారి వచ్చి ఆ అబ్బాయితో మాట్లాడతారని ఎదురు చూస్తున్నాను.

సెలవుల తరువాత వచ్చే మొదటి శనివారం సాయంత్రం నాలుగు గంటలకు అవే రెండు జట్ల మధ్య మళ్ళీ మ్యాచ్ ఉంటుంది. ఆ అబ్బాయి ఆడుతున్నాడు. చూడడానికి వచ్చేవారికి ఈసారి గోడ దగ్గర కాకుండా మైదానం లోపల, వేపచెట్టు కింద కుర్చీలు వేయిస్తున్నాము. అందరూ రావలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు