చిన్నోడి ఆట ఆపొద్దు, అన్నా

జాదర్, క్రొయేషియా

అన్నకు,

మేమంతా ఇక్కడ క్షేమం. మీరందరూ బాగున్నారని తలుస్తాను.

చిన్నోడిని ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండుకు పంపడం మానిపించబోతున్నారని వదిన ఫోన్‌లో చెప్పింది. ఒంట్లో బలం లేదు, గోల్స్ కొట్టడు, ఆ టైములో ట్యూషన్ అయినా పెట్టించండి అన్నారట. అది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఫుట్‌బాల్ ఆటగాడు లూకా మోద్రిచ్ పుట్టింది నేనుంటున్న ఈ ఊళ్లోనే, 1985లో. 1991లో యుద్ధంలో వాళ్ల తాతను చంపేశారు. తాత పేరే మనవడికీ పెట్టారు. ఉన్న ఇల్లు వదిలేసి ఆ కుటుంబం ఏళ్ల తరబడి ఇక్కడి హోటళ్లలో శరణార్థులుగా తలదాచుకుంది. అతను బంతి తన్నుతూ పెరిగింది హోటల్ కార్ల పార్కింగ్‌లో. హైదుక్ స్ప్లిట్ అనే పెద్ద క్లబ్బు పిల్లాడు మరీ బక్కగా ఉన్నాడని వద్దంది. తర్వాత డైనమో జాగ్రెబ్ తీసుకుని, పక్కనున్న బోస్నియాలో ఒక జట్టుకు కొన్నాళ్లు ఆడమని పంపింది. అక్కడిది మొరటు ఆట. పద్దెనిమిదేళ్లకే ఆ లీగులో ఉత్తమ ఆటగాడయ్యాడు.

2008లో ఇంగ్లండ్ క్లబ్బు టోటెన్‌హామ్‌కు, 2012లో స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్‌కు వెళ్లాడు. వెళ్లిన కొత్తల్లో అక్కడి పత్రిక ఓటింగు పెడితే ఆ ఏడాది అందరికన్నా దండగ కొనుగోలు ఇతనేనని తేల్చారు జనం! ఆ క్లబ్బుతోనే యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగు ఆరుసార్లు గెలిచాడు. 2018లో ప్రపంచంలో మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ కూడా వచ్చింది. అంతకుముందు పదేళ్లు మెస్సీ, రొనాల్డో తప్ప ఎవరూ దాన్ని ముట్టలేదు.

గోల్స్ సంగతి అన్నారు కదా. 2022లో ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ మీద ఛాంపియన్స్ లీగు క్వార్టర్ ఫైనల్, రెండు మ్యాచ్‌లలో రెండోది. మాడ్రిడ్ సొంత మైదానంలో 3-0తో వెనకబడింది, పది నిమిషాలే మిగిలాయి. మోద్రిచ్ ఎడమ పక్క నుంచి కుడికాలి బయటి అంచుతో బంతిని లేపాడు. డిఫెండర్లందరినీ దాటి అది తోటి ఆటగాడు రోడ్రిగో కాలి ముందుకే దిగింది, నేల తాకక ముందే అతను గోల్లోకి కొట్టేశాడు. దాంతో రెండు మ్యాచ్‌ల మొత్తం గోల్స్ సమమయ్యాయి. లెక్కలో గోల్ రోడ్రిగోదే. ఆ పాస్ లేకపోతే మాడ్రిడ్ అక్కడే ఆగిపోయేది, ఆ ఏటి కప్పూ దక్కేది కాదు. ముప్పై ఆరేళ్ల మనిషి ఇచ్చిన పాస్ అది. 2025లో నలభై నిండబోతుండగా ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్‌లో చేరాడు.

మైదానం మధ్యలో ఆడుతూ బంతి అందించే మిడ్‌ఫీల్డర్‌ను గోల్స్‌తో తూచకూడదన్నా. ఈ ఆదివారం నువ్వే గ్రౌండుకు పోయి కూర్చో. బంతిని వదిలేసి మన చిన్నోణ్ణే చూడు. పోయినసారి వచ్చినప్పుడు నేను చూశాను: బంతి తన దగ్గరికి రాకముందే రెండు పక్కలా తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకుంటాడు. వచ్చాక ఒక్క తాకుడుతో అవతలివాణ్ణి తప్పించుకుని తిరుగుతాడు. అది నేర్పితే వచ్చేది కాదు. ఒళ్లు వయసుతో వస్తుంది. ట్యూషన్ పొద్దున పెట్టించండి, సాయంత్రం ఆట మాత్రం వాడికి వదిలేయండి. వదినకు నా మాటగా చెప్పు.

వాడి బూట్లు అడుగున ఊడిపోయాయని విన్నాను. కాలు కాగితం మీద పెట్టించి, చుట్టూ గీత గీసి, వాట్సాప్‌లో ఫోటో పంపు. మాకు తెలిసినవాళ్లు వచ్చే నెల తిరుపతి వస్తున్నారు, వాళ్ల చేత కొత్తవి పంపిస్తాను.

నీ చెల్లెలు