ఆ రెండు సూర్యుల బొమ్మ ఫొటో కాదు

సంపాదకులకు,

జంట నక్షత్రాల గ్రహాల మీద పత్రికల్లో వార్త వస్తే చాలు, పక్కన రెండు సూర్యులు అస్తమిస్తున్న రంగుల బొమ్మ ఉంటుంది. ఊహాచిత్రమని రాయరు. పిల్లలు ఫొటో అనుకుంటారు. ఇలా రెండు నక్షత్రాలను చుట్టే కెప్లర్-16బి గ్రహాన్ని ఇంతవరకూ ఎవరూ నేరుగా చూడలేదు. 2011లో దాన్ని ఎలా పట్టుకున్నారో నాలుగు వాక్యాలు రాస్తే బొమ్మకన్నా ఎక్కువ తెలుస్తుంది.

హంస రాశిలో, సుమారు 245 కాంతి సంవత్సరాల దూరంలో, ఒక నారింజ నక్షత్రం, ఒక చిన్న ఎర్ర నక్షత్రం 41 రోజులకోసారి ఒకదాన్నొకటి చుట్టి వస్తాయి. చిన్నది ముందుకొస్తే మొత్తం వెలుగు 13 శాతం పడిపోతుంది, వెనక్కి వెళ్తే 1.6 శాతం. ఈ రెండూ లెక్క తప్పవు. నాసా అంతరిక్ష టెలిస్కోపు కెప్లర్ డేటాలో వీటికి పొసగని 1.7 శాతం తగ్గుదల మళ్లీ మళ్లీ కనబడింది. ఆ తగ్గుదలల మధ్య ఒకసారి 230 రోజుల ఎడం, తర్వాత 221. ఎడం ఇలా మారడమే గట్టి ఆధారం. శని అంత బరువున్న ఆ గ్రహం 229 రోజులకు చుట్టు తిరిగి వచ్చేసరికి పెద్ద నక్షత్రం తన కక్ష్యలో వేరే చోట ఉంటుంది, అందుకే గ్రహం ఆ నక్షత్రానికి అడ్డుపడి వెలుగు తగ్గించే సమయం ముందుకో వెనక్కో జరుగుతుంది. ఈ తగ్గుదలకు కారణం వెనక దూరంగా ఉన్న వేరే నక్షత్రాల జంట గ్రహణమైతే ఎడం మారదు. ఒకే వ్యవధి అనుకుని వెతికే కంప్యూటర్ ప్రోగ్రాములు ఇలాంటి గ్రహాలను జారవిడుచుకునేదీ ఇందుకే.

ఇంకో సంగతి. గ్రహం కక్ష్య తలం మెల్లగా ఊగుతుంది కనుక, లెక్క ప్రకారం 2018 నుంచి ఆ గ్రహం మనకూ పెద్ద నక్షత్రానికీ మధ్య రావడం లేదు. మళ్లీ 2042 ప్రాంతంలోనే. అయినా ఫ్రాన్స్‌లోని 193 సెం.మీ. టెలిస్కోపుతో గ్రహం లాగడం వల్ల నక్షత్రం ఊగిసలాడే తీరును కొలిచి 2022లో గ్రహాన్ని ధ్రువపరిచారు.

ఆ రెండు నక్షత్రాలు ఒకదానికొకటి అడ్డుపడే గ్రహణాన్ని మాత్రం మన కాలేజీలూ కొలవొచ్చు. జంట వెలుగు 12వ మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగును కొలిచే ప్రమాణం) దరిదాపు, 13 శాతం తగ్గుదల అంటే 0.15 మాగ్నిట్యూడ్. 8 అంగుళాల టెలిస్కోపు, సీసీడీ కెమెరా (వెలుగును అంకెల్లో నమోదు చేసేది) చాలు. హైదరాబాద్‌లో హంస రాశి అక్టోబర్ సాయంత్రాల్లో ఉత్తర-వాయవ్యంగా బాగా ఎత్తులో ఉంటుంది. ఎక్స్‌పోజర్ రాత్రంతా మార్చొద్దు. అదే ఫ్రేములో ఉన్న రెండు మూడు నక్షత్రాలతో పోల్చి చూడాలి, లేకపోతే పలుచని మబ్బు కూడా గ్రహణంలాగే కనబడుతుంది.

- ఖగోళ పరిశీలకులు, హైదరాబాద్