అమ్మ పచ్చళ్ల పేజీ లైవ్‌కి వచ్చింది, థాంక్స్ అన్నా

అమీర్‌పేటలో కోచింగ్‌కి చేరి రెండు నెలలు. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ రాసే భాష), సీఎస్‌ఎస్ (దానికి రంగులు, రూపం ఇచ్చేది) అయ్యాయి కదా అని మా అమ్మ పెట్టే పచ్చళ్లకి ఒక వెబ్ పేజీ చేశాను. నా కంప్యూటర్‌లోనే పేజీని నడిపి చూపించే లైవ్ సర్వర్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటుకి పుష్ చేసి (అంటే ఎక్కించి), సెట్టింగ్స్‌లో, పేజీని నెట్‌లో పెట్టే 'పేజెస్'కి వెళ్లి, మెయిన్ బ్రాంచ్, రూట్ ఫోల్డర్ పెట్టి సేవ్ కొట్టా. లింక్ తెరిస్తే 404, అంటే పేజీ దొరకలేదని. క్లాసులో అడిగితే "అది సిలబస్‌లో లేదు" అన్నారు.

హాస్టల్లో మా పక్క రూం అన్న గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఏడింటికి వస్తాడు. ఆ నిద్రకళ్లతోనే కూర్చున్నాడు, పాపం. నా ఫైల్ పేరులో మొదటి 'ఐ' పెద్దక్షరం. విండోస్‌కి ఆ తేడా పట్టదు, గిట్‌హబ్ సర్వర్‌కి పడుతుంది. దానికి మొదటి పేజీగా కావాల్సింది అన్నీ చిన్నక్షరాల్లో ఉన్న ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్. సరేనని పేరు మార్చా. గిట్ (ఫైళ్లలో మార్పుల లెక్క చూసే టూల్) మాత్రం "నథింగ్ టు కమిట్" అంటుంది, అంటే మార్పేమీ లేదట! అక్షరం సైజు ఒక్కటే మారితే విండోస్‌లో గిట్‌కి కూడా ఆనదట. 'గిట్ ఎంవీ' అనే కమాండ్‌తో మారిస్తే అప్పుడు కదిలింది.

పేజీ వచ్చింది గానీ రంగుల్లేవు, బట్టలు విప్పినట్టు ఉంది. అన్న బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, తప్పులు చూపే చోట ఎర్రగా ఉన్న లైను చూపించాడు.

"అడ్రస్ జర గట్టిగ చదువు తమ్మీ."

"నా యూజర్‌నేమ్ డాట్ గిట్‌హబ్ డాట్ ఐఓ, స్లాష్, స్టైల్ డాట్ సీఎస్‌ఎస్."

"మరి నీ రిపో పేరేది నడుమల?"

అప్పుడు వెలిగింది. రిపో అంటే గిట్‌హబ్‌లో నా ప్రాజెక్టు ఉండే చోటు, దాని పేరు కూడా అడ్రస్‌లో ఉండాలి. నేను సీఎస్‌ఎస్ లింకు ముందు స్లాష్ పెట్టా. దాంతో బ్రౌజర్ రిపో పేరు వదిలేసి నేరుగా సైటు మొదట్లో వెతుకుతోంది. లైవ్ సర్వర్‌లో ప్రాజెక్టు ఫోల్డరే మొదలు కాబట్టి అక్కడ బయటపడలేదు. ఒక్క స్లాష్ తీసేశా, అంతే. ఆవకాయ ఫొటో మాత్రం ఇంకా రాలేదు: ఫైలు పేరు చివర జేపీజీ పెద్దక్షరాల్లో, కోడ్‌లో చిన్నక్షరాల్లో. అది అన్న చెప్పకముందే నేనే పట్టేశా!

అన్నా, నీ నిద్ర పాడుచేశా, ఏమనుకోకు. అమ్మ ఈసారి పంపే పార్సిల్‌లో ఒక సీసా నీదే.

లింక్ అమ్మకి పంపితే మెచ్చుకోలేదు. "గోంగూర 250 కాదురా, 280" అంది. మార్చి పుష్ చేశా. రెండు నిమిషాలకే మళ్లీ ఫోన్, ఇంకా పాత ధరే కనిపిస్తోందని.

"ఆగమ్మా, ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది."