పాత సెట్లను ఇక కొయ్యం: మా కస్టమర్లందరికీ

ఈ నెల నుంచి మా షాపులో పాత వాల్వు రేడియో సెట్ల (ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు, గాజు వాల్వులతో నడిచేవి) లోపలి సామాను పీకేసి, ఆ పెట్టెలో బ్లూటూత్ స్పీకర్ బిగించే పని చెయ్యడం లేదు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు డబ్బు తిరిగి పంపేస్తున్నాను. మీరు తెచ్చింది లోపల ఏమీ లేని ఖాళీ మర్ఫీ పెట్టో, బుష్ పెట్టో అయితే ఇబ్బంది లేదు, చేసి ఇస్తాను. ఛాసిస్, అంటే వాల్వులూ మిగతా భాగాలూ బిగించిన లోహపు చట్రం, లోపలే ఉంటే మాత్రం దాని మీద కటర్ పెట్టను.

దీనివల్ల నాకు రాబడి తగ్గుతుంది. ఉన్నమాట చెప్పాలంటే కొంతకాలంగా షాపు అద్దె కడుతున్నది ఈ పనే. కెఫేలవాళ్లు, ఇంటీరియర్ డిజైనర్లు అడిగినంత ఇచ్చి తీసుకెళ్తారు. పని కూడా త్వరగా అయిపోతుంది. అదే ఒక పాత హ్యామ్ (లైసెన్స్ తీసుకుని సొంత సరదాకు రేడియోలో మాట్లాడుకునేవాళ్లు) రిసీవర్‌ని మళ్లీ పలికించాలంటే వారాలు పడుతుంది, చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు. అందుకే రిపేరు చార్జీలు కొంచెం పెంచక తప్పడం లేదు. ఆ వివరాలు కింద రాశాను.

ముందు ఎందుకు ఆపుతున్నానో చెప్పాలి. మొన్న ఒకాయన వాళ్ల తాతగారి సెట్టు తెచ్చారు. ముందు ప్యానెల్ ఒక్కటీ కోసి, గోడకు తగిలించుకునేలా చేసి ఇమ్మన్నారు. గోనెసంచి విప్పి చూస్తే వైర్‌లెస్ సెట్ నంబర్ 19. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం ట్యాంకుల్లో వాడిన సెట్టు అది. ప్యానెల్ మీద నాబ్‌ల దగ్గర ఇంగ్లీషు పేర్లతో పాటు రష్యన్ పేర్లు కూడా ఉన్నాయి. యుద్ధకాలంలో ఉత్తర అమెరికాలో తయారైన 19 సెట్లు సోవియట్ సైన్యానికి కూడా వెళ్లేవి, అందుకని రెండు భాషల్లోనూ రాశారు. మూత తీస్తే సిగ్నల్ పంపే 807 వాల్వు సాకెట్‌లోనే ఉంది. నెత్తిన చిన్న లోహపు టోపీ, దానికి హైవోల్టేజ్ వైరు. వైరు మీద రబ్బరు ముట్టుకుంటే పొడి రాలుతోంది కానీ వాల్వు గాజు లోపల వెండిపూత నిగనిగలాడుతూనే ఉంది. అంటే లోపలికి గాలి చొరబడలేదు. మూత లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. పెన్సిల్‌తో ఫ్రీక్వెన్సీలు, పక్కన వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్. కాల్‌సైన్ అంటే హ్యాముకు లైసెన్స్‌తో వచ్చే గుర్తింపు పేరు. ఇది ఆయన తాతగారిదే.

ఆ సెట్టు 2 నుంచి 8 మెగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. హ్యాములు మాట్లాడుకునే 40 మీటర్ల బ్యాండు (ఫ్రీక్వెన్సీల పరిధి) 7 మెగాహెర్ట్జ్ దగ్గరే కాబట్టి, సరైన పవర్ సప్లయి కట్టుకుంటే చాలు, పెద్ద మార్పులు లేకుండానే గాల్లోకి ఎక్కేది. అందుకే యుద్ధం తర్వాత ఎన్నో దేశాల్లో హ్యాములు దీనికోసం ఎగబడ్డారు. ఇదంతా ఆయనకు చెప్పాను. ఆలోచించి చెప్తానన్నారు. సెట్టు ఇంకా నా దగ్గరే ఉంది. ఆయన ఏం నిర్ణయించుకున్నా సరే, కొయ్యడం మాత్రం నా చేత్తో జరగదు.

ఇలాంటివి మన బజార్లలోకి ఎలా వచ్చాయని కుర్ర కస్టమర్లు అడుగుతుంటారు. యుద్ధం అయిపోయాక సైన్యం వదిలించుకున్న సామాను వేలాల్లోకి వచ్చింది. దాన్ని అందరూ డిస్పోజల్ సామాను అనేవాళ్లు. ట్యాంకు సెట్లు, విమానాల్లోంచి తీసిన బీసీ-348 రిసీవర్లు, మీటర్లు, మోర్స్ సంకేతాలు కొట్టే కీలు, హెడ్‌ఫోన్లు. బీసీ-348 విమానంలో 28 వోల్టుల మీద నడిచేది. తక్కువ వోల్టేజీని ఎక్కువ చేసే లోపలి డైనమోటర్ తీసేసి ఆ చోట మన 230 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ బిగించుకోవడం హ్యాముల్లో మామూలే. బయటి దేశం నుంచి కొత్త రిగ్ (హ్యాముల రేడియో సెట్టు) తెప్పించుకునే స్తోమత మన దగ్గర బహుకొద్దిమందికే ఉండేది. మిగతావాళ్లకు డిస్పోజల్ సామానే దిక్కు. 1961లో బెంగళూరు బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) రిసీవింగ్ వాల్వుల తయారీ మొదలుపెట్టాక వాల్వుల విషయంలో కొంత ఊపిరాడింది.

మా నాన్న నెల్లూరులో రేడియో మెకానిక్. వాళ్ల తరానికి సామాను కావాలంటే మద్రాసే. సెంట్రల్ స్టేషన్‌లో దిగితే పక్కనే మూర్ మార్కెట్. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, వాటి మధ్యలో వైర్‌లెస్ సామాను. నాన్న జేబులో రెండు టార్చి సెల్స్, ఒక చిన్న బల్బు, రెండు వైర్లు ఎప్పుడూ ఉండేవట. కుప్పలోంచి వాల్వు తీసి, ఫిలమెంట్ (లోపల వేడెక్కే తీగ) పిన్నులకు వైర్లు ఆనిస్తే బల్బు వెలగాలి. వెలగకపోతే ఫిలమెంట్ తెగినట్టే, పక్కన పెట్టెయ్యడమే. షాపువాళ్లు దాన్ని తప్పుపట్టేవాళ్లు కాదు. పైగా పక్కనున్న వాల్వు కూడా చూడమని చేతికిచ్చేవాళ్లట. 1985 మే 30న ఆ మార్కెట్ కాలిపోయింది. ఆ వార్త విన్నరోజు నాన్న షాపు తెరవలేదని అమ్మ చెప్తుంది. తర్వాత మద్రాసులోనే ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్లేవారు కానీ, డిస్పోజల్ సామాను విషయంలో దాన్ని మూర్ మార్కెట్‌తో పోల్చడానికి ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు.

నేను హైదరాబాద్ వచ్చాక నా బడి కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే గుజరాతీ గల్లీ. పాత షాపుల్లో కౌంటర్ వెనక గోడంతా చిన్న చిన్న సొరుగులు. కండెన్సర్ అడిగితే ముందు ఏ సర్క్యూట్‌కని అడిగేవాళ్లు. చెప్తే, నువ్వడిగిన విలువ కాదు ఇది వాడు అని ఇంకోటి తీసిచ్చేవాళ్లు. అంత తెలిసిన మనిషి కౌంటర్ అవతల నిలబడి ఉండటం ఎంత అదృష్టమో, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి డూప్లికేట్ సామాను అందుకున్నప్పుడల్లా తెలుస్తుంది. ఆ గల్లీ ఇప్పటికీ ఉంది, నేను ఇప్పటికీ వెళ్తాను. కాకపోతే సొరుగుల చోట సీసీ కెమెరాలు, ఎల్ఈడీ స్ట్రిప్పులు వచ్చాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమేరాత్ బజార్‌లో అప్పుడప్పుడు ఒక మీటరో, స్టేషన్ తిప్పడానికి వాడే ఒక గ్యాంగ్ కండెన్సరో దొరుకుతుంది. మొత్తం సెట్టు దొరకడం అరుదు. కారణం రాగి. పాత ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉన్న రాగికి తూకం మీద వెంటనే డబ్బొస్తుంది కాబట్టి, సెట్టు మన కంట పడకముందే సుత్తి దెబ్బ తింటుంది. అలా తప్పించుకుని ఇన్నేళ్లు బతికిన సెట్టును నేను కూడా కోస్తే ఇంక మిగిలేదేముంది?

హైదరాబాద్‌కు హ్యామ్ రేడియోతో ఉన్న బంధం చిన్నది కాదు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో ఇక్కడే మొదలైంది. 2004 డిసెంబర్‌లో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో స్టేషన్ పెట్టి ఉండగానే సునామీ వచ్చింది. ఫోన్లు పనిచెయ్యని ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి కబుర్లు మోసింది ఆ హ్యాములే. ఇక అశ్హర్ ఫర్హాన్ గారి బిటెక్స్ ఈ ఊళ్లో పుట్టిన డిజైన్. 14 మెగాహెర్ట్జ్ మీద పంపడం, వినడం రెండూ చేసే 6 వాట్ల ట్రాన్స్‌రిసీవర్‌ని మన బజార్లో దొరికే సామానుతోనే కట్టుకునేలా రాశారాయన. కాయిల్ చుట్టడానికి టొరాయిడ్ (ఉంగరం లాంటి అయస్కాంత పదార్థపు ముక్క) దొరక్కపోతే నల్లా వాషర్ మీద చుట్టమన్నారు! ప్రపంచమంతా కట్టుకున్నారు దాన్ని. నాకైతే అందులో మూర్ మార్కెట్ కుప్పల్లో వెతికిన తరం తెలివే కనిపిస్తుంది.

ఇక వ్యాపారం సంగతి.

ట్రాన్స్‌మిటర్లు, ట్రాన్స్‌రిసీవర్లు లైసెన్స్ కాపీ చూపించినవాళ్లకే అమ్ముతాను. మన దేశంలో లైసెన్స్ లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడమే నేరం, గాల్లో మాట్లాడినా మాట్లాడకపోయినా. షోకేస్‌లో పెట్టుకోవడానికే అన్నా నా జవాబు ఇదే. లైసెన్స్ పరీక్ష బ్రహ్మవిద్య ఏమీ కాదు. 12 ఏళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. లైసెన్స్‌లో మొదటి మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. చదువుకోవాలనుకునేవాళ్లు షాపుకు రండి, నా దగ్గరున్న పుస్తకాలు అక్కడే కూర్చుని చూసుకోవచ్చు.

రిపేరుకు తెచ్చిన సెట్టు చూసి చెప్పడానికి ఇకమీదట 500 రూపాయలు. పని చేయించుకుంటే అది బిల్లులో తగ్గిస్తాను. యాసు (Yaesu) ఎఫ్‌టీ-101, కెన్‌వుడ్ టీఎస్-520 లాంటి హ్యామ్ ట్రాన్స్‌రిసీవర్లు ఇచ్చినవాళ్లు ఇంకొంచెం ఓపిక పట్టాలి. రెండింటిలోనూ డ్రైవర్ (చివరి వాల్వులకు సిగ్నల్ అందించేది) 12బీవై7ఏ వాల్వు, అది నా దగ్గర అయిపోయింది. బయట దొరికేవాటిని టెస్ట్ చేయకుండా మీ సెట్టులో పెట్టను. ఆలస్యానికి అసలు కారణం అదే. సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లకు పాత సెట్లు అద్దెకిచ్చే పని మాత్రం కొనసాగుతుంది. పెట్టె విప్పకూడదు, రంగు వెయ్యకూడదు అన్న షరతు మీద.

ఇంట్లో అటక మీద పాత సెట్టు దొరికితే దయచేసి వెంటనే ప్లగ్ పెట్టకండి. ఎక్కువ సెట్లు పాడవుతున్నది అప్పుడే. లోపలి మైనం పూసిన పేపర్ కండెన్సర్లు ఏళ్ల తరబడి తేమ పీల్చి లీకవుతాయి. అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్ (కరెంటును అదుపుచేసే తీగల జాలి) దగ్గరుండే కండెన్సర్ లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజ్ వస్తుంది, వాల్వులో కరెంటు అదుపు తప్పి లోపలి ప్లేటు ఎర్రగా కాలుతుంది. వాల్వు పోతే ఇంకోటి వెతకొచ్చు, దాంతోపాటు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మళ్లీ చుట్టించాలి. నేను ముందు అనుమానమున్న కండెన్సర్లు మార్చి, ఆ తర్వాతే సెట్టుకు వరసలో ఒక బల్బు (సిరీస్ బల్బు) పెట్టి కరెంటు ఇస్తాను. బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారితే ప్రాణం లేచొస్తుంది, అలాగే నిండుగా వెలుగుతుంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఇంకొక్క విషయం. యుద్ధకాలపు మీటర్లలో చీకట్లో మెరవడానికి ముల్లుకూ అంకెలకూ రేడియం రంగు వేసినవి ఉన్నాయి. మెరుపు పోయినా రేడియోధార్మికత పోదు. అలాంటి మీటరు అద్దం తియ్యొద్దు, గీకొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు.

బయటి ఊళ్ల నుంచి పంపేవాళ్లు వాల్వులు తీసి విడిగా ప్యాక్ చెయ్యండి. పీకేముందు ఛాసిస్ ఫోటో తీసి, ఏ వాల్వు ఏ సాకెట్‌దో ఒక కాగితం మీద రాయండి. నిటారుగా పట్టుకుని లాగాలి, అటూ ఇటూ ఊపితే పిన్నుల దగ్గర గాజు చిట్లుతుంది. ఒక్కోదాన్ని మందంగా పేపర్లో చుట్టి చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సెట్టుతో పాటు కాకుండా వేరే పార్శిల్‌లో పంపండి. లోపల మీ పెద్దవాళ్ల చేతిరాత ఉన్న కాగితాలు ఏమైనా అంటించి ఉంటే వాటిని పీకకండి, అలాగే ఉంచండి. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం 11 నుంచి రాత్రి 8 దాకా షాపులోనే ఉంటాను.