రమణకి, మా వంటింటి రామాయణం

విశాఖపట్నం,
జూన్ నెలాఖరు

ఒరేయ్ రమణా,

మొన్న ఫోన్లో "ఏరా, సన్నబడ్డావా?" అని అడిగావు. పక్కన అమ్మ ఉంది, ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు అందరూ పడుకున్నారు. ఓపికుంటే చదువు, కాస్త పెద్దదే అయ్యేలా ఉంది.

మార్చిలో ఒకే వారంలో రెండు చీటీలు ఇంటికొచ్చాయి. మొదటిది నాది. బరువు 86, పరగడుపు షుగరు 112. "బోర్డర్లో ఉన్నారు, అన్నం తగ్గించండి" అన్నారు డాక్టరు. మనవాళ్ళకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 23 దాటితేనే ఎక్కువ బరువట, 25 దాటితే ఊబకాయమేనట. నాది 30. ఇంకేం మాట్లాడతాను? రెండోది బుజ్జిది. ఆరేళ్ళు నిండాయి, బరువు పదిహేనున్నర కిలోలు. పిల్లల డాక్టరు ఎదుగుదల చార్టు మీద చుక్క పెట్టి చూపిస్తే అది అట్టడుగు గీతకి ఆనుకుని ఉంది. తండ్రి తగ్గాలి, కూతురు పెరగాలి, ఇంట్లో పొయ్యి మాత్రం ఒక్కటే.

మొదట్లో నేను తెలివితేటలు చూపించాను. నాకు వేరే, దానికి వేరే, అమ్మకి వేరే వంట. నాకు కొర్రన్నం, ఉడికించిన కూరలు. దానికి నెయ్యి కారే ఉప్మా. అమ్మకి మామూలు అన్నం, పులుసు. పదో రోజున మీ చెల్లెమ్మ గరిటె గట్టు మీద పెట్టి "ఇది ఇల్లా, మెస్సా?" అంది. ఆమెకి పొద్దున ఎనిమిదింటికల్లా ఆఫీసు బస్సు. ఆ రోజుతో పొద్దుటి వంట నా మెడకి పడింది. పడటం మంచిదే అయింది, లేకపోతే అసలు సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

వంట ఒక్కటే, తేడా అంతా కంచంలోనే. చోడంబలి, అదే రాగి జావ, సంగతే చూడు. రాత్రి పిండి నీళ్ళలో కలిపి ఉంచుతాను. పొద్దున ఉడికించి దించాక రెండు వాటాలు. నా వాటాలో చల్లారాక పలచని మజ్జిగ, ఉప్పు, నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. దాని వాటాలో బెల్లం, పాలు, పొడి కొట్టిన పలాస జీడిపప్పు, ఒక చెంచా నెయ్యి. బెల్లం వేసిన వేడి జావలో పాలు పోస్తే విరిగిపోతాయిరా. మొదటి రోజే గిన్నెడు పారబోశాను. ఇప్పుడు గోరువెచ్చనయ్యాకే పోస్తున్నాను. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, ఎదిగే పిల్లకి అంతకంటే ఏం కావాలి? మధ్యాహ్నం పప్పూ అంతే. నాకు ఒక కప్పు అన్నం, రెండు కప్పుల కూర. దానికి చిన్న ముద్ద, పైన చెంచాడు నెయ్యి, పక్కన గుడ్డు. చెంచా నెయ్యికి నలభై, నలభై అయిదు క్యాలరీలు. గ్రాము పిండిపదార్థానికి 4 అయితే గ్రాము కొవ్వుకి 9. పిల్ల పొట్ట పిడికెడే కదా, తిండి పెంచాలంటే కొండలా వడ్డించక్కర్లేదు, ఆ ముద్దలోనే సత్తువ పెట్టాలి. నా నోటి దగ్గర ఆపిన నెయ్యే దాని ముద్దలోకి పోతోంది.

పాల సంగతి చెబితే నవ్వుతావు. తిండి తినట్లేదని మేము రోజుకి మూడు గ్లాసులు, అదీ పొడి కలిపి, పట్టిస్తున్నాం. డాక్టరమ్మ తల పట్టుకుంది. "పాలతోనే కడుపు నిండిపోతే అన్నం ఎక్కడ పడుతుంది?" అని. అతిగా పాలు తాగే పిల్లలకి ఐరన్ కూడా తగ్గుతుందట. ఇప్పుడు రెండు గ్లాసులు, అదీ భోజనం అయ్యాకే. ఫోన్లో బొమ్మలు చూపిస్తూ అమ్మ గంటసేపు కుక్కే ముద్దలు కూడా బందు. అరగంట కూర్చోబెట్టాలి, తిన్నంత తింటుంది, ఆ తర్వాత కంచం తీసేయాలి. ఏం పెట్టాలన్నది మన ఇష్టం, ఎంత తినాలన్నది దాని ఇష్టం. మొదటి వారం నరకంరా. అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంకో సంగతి, సిగ్గుపడుతూ చెబుతున్నాను. ఇన్నేళ్ళూ అది వదిలేసిన ముద్దలన్నీ ఎవరు తిన్నారనుకున్నావు? అన్నం పారేస్తే కళ్ళు పోతాయని మనకి చిన్నప్పటి భయం కదా. నా డైట్ లెక్కల్లో ఆ ముద్దలు ఎప్పుడూ రాలేదు.

అసలు దెబ్బ మాత్రం ఏప్రిల్లో తగిలింది. ఆదివారం దోసెలు. దాని దోసె మీద నెయ్యి వెయ్యబోతే కంచం మీద రెండు చేతులూ అడ్డం పెట్టేసింది. "వద్దు నాన్నా, నేను కూడా పొట్ట తగ్గించుకోవాలి" అంది. బనీను వేసుకుని కూర్చుంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నేను రోజూ కంచం ముందు "అమ్మో లావైపోతాను, ఇది వద్దు, అది వద్దు" అంటూ ఉన్నాను. అది వింటూ ఉంది. స్కూల్ బాక్సు సగం తిరిగొచ్చేది ఎందుకా అనుకునేవాణ్ణి.

ఆ రోజే బరువు చూసే మిషను బీరువా మీదకెక్కించాను. భోజనాల దగ్గర లావు, డైట్, క్యాలరీ అన్న మాటలు బందు. అమ్మకి కూడా చెప్పాను, పిల్ల ముందు ఈనుపుల్లలా ఉందని అనొద్దని. "మరేటనాలిరా, ఏనుగుపిల్లనాలా?" అంది.

చేపల విషయంలో ఈ నెలే ఊపిరొచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ చెరువు చేపలతోనే సరిపెట్టుకున్నాం. మొన్న ఆదివారం హార్బర్‌కి పోయి వంజరం తెచ్చాను. ముళ్ళు తక్కువ, బుజ్జి భయపడదు. పులుసు ఒక్కటే పెట్టాను, నాకు ముక్కలు ఎక్కువ, అన్నం తక్కువ. అది రెండోసారి అన్నం అడిగింది. నేనూ, మీ చెల్లెమ్మా ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం కానీ పైకి ఏమీ అనలేదు. పొగిడితే ఆపేస్తుందేమోనని.

ఇంతకీ నువ్వు అడిగిన లెక్క: నేను మూడున్నర కిలోలు తగ్గాను, అది ఏడు వందల గ్రాములు పెరిగింది. పొద్దున బీచ్ రోడ్డులో నడక కూడా ఉందిలే. సాయంత్రం అదే బీచ్‌లో మిరపకాయ బజ్జీల బండి కూడా ఉంది, అది వేరే విషయం.

వచ్చే నెల వస్తానన్నావు, ఆదివారం కలిసొచ్చేలా చూసుకో. మీ అమ్మగారిని అడిగి సున్నుండల్లో మినుములకి నెయ్యి కొలత ఎంతో రాసి పంపు, మా అమ్మ చేసేవి రాళ్ళలా వస్తున్నాయి. స్వీట్లు తెస్తే మాత్రం నేను ఇంట్లో లేనప్పుడు దాని చేతికివ్వు.

నీ
సత్తిబాబు