పచ్చ టోపీలు సరే, స్లర్రీ మాటేమిటి?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో గ్రానైట్ పరిశ్రమ పచ్చదనం బాట పట్టిందంటూ వచ్చిన వార్త చదివి ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోబుద్ధి కాలేదు. ఫొటోలో అందరికీ పచ్చ టోపీలు, తలా ఒక మొక్క. ‘గ్రీన్ హెచ్‌ఆర్’ అట, అంటే సిబ్బంది వ్యవహారాల్లో పచ్చదనమన్నమాట. సెలవు చీటీలు ఇక కాగితం మీద రాయరట, జీతం స్లిప్పు ఫోన్‌కే వస్తుందట, ఆఫీసు స్టాఫంతా ఒకే బస్సులో వస్తారట. చాలా సంతోషం.

మరి స్లర్రీ ఎక్కడికి పోతోందో ఆ వార్తలో ఒక్క ముక్క లేదే?

చీమకుర్తి నుంచి ఒంగోలుకు బండి మీద తిరిగేవాళ్లకు స్లర్రీ గురించి నేను చెప్పేదేముంది? రాయి కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా నీళ్లు కొడతారు. ఆ నీళ్లూ రాతిపొడీ కలిస్తే బూడిదరంగు బురద, అదే స్లర్రీ. దాన్ని తొట్లలో పేరబెట్టి, తేరిన నీళ్లను మళ్లీ మిషన్‌కే తిప్పుకోవాలి. మిగిలిన బురదను అనుమతి ఉన్న చోటే పొయ్యాలి. ఇక్కడ జరిగేది వేరు. ఊరు సద్దుమణిగాక ట్యాంకరు బయల్దేరుతుంది, వాగు గట్టునో రోడ్డు వారనో పైపు వదిలేస్తుంది. ఎండిన పొర లారీ పోయినప్పుడల్లా లేచి మా వంటిళ్లలో దిగుతుంది. పొద్దున తుడిచిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. రోడ్డు పక్క జామాయిలు చెట్లను చూడండి, ఆకు ఏ రంగో వాన పడ్డాకే తెలుస్తుంది.

మనుషుల్ని పనిలోకి తీసుకోవడం, నేర్పించడం, పనితీరు చూసి ఇంక్రిమెంటు ఇవ్వడం, వీటన్నిటిలోనూ పర్యావరణాన్ని లెక్కలోకి తేవడమే గ్రీన్ హెచ్‌ఆర్ అని ఆ వార్తలోనే రాశారు. బాగుంది. ట్రిప్పుకింత అని కూలి తీసుకునే ఆ ట్యాంకరు డ్రైవరు కంపెనీ రిజిస్టరులో ఉన్నాడా? పాలిషింగ్ మిషన్ దగ్గర నిలబడే ఒడిశా, బీహార్ కుర్రాళ్లకు ఆ పచ్చ టోపీ ఇచ్చారా, కనీసం సరైన మాస్కయినా ఇచ్చారా? మేనేజరు ఇంక్రిమెంటు ఎన్ని చదరపు అడుగులు పాలిష్ చేయించాడన్న దాన్నిబట్టా, ఎంత బురద తొట్టి దాటకుండా ఆపాడన్న దాన్నిబట్టా? పైన పటారం, లోన లొటారం!

ఇవేమీ కొత్త సంగతులు కావు. 1984లో భోపాల్‌లో అంతమంది పోయాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియలున్న చోట భద్రతా కమిటీలో యాజమాన్యంతో సమానంగా కార్మికులూ కూర్చోవాలన్నారు. అక్కడి ప్రమాదమేమిటో వాళ్లకు చెప్పి తీరాలన్నారు. స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2022–23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు పర్యావరణం, ఉద్యోగుల సంగతులు ఏటా నివేదికలో చూపాల్సిందేనంది. మన పాలిషింగ్ యూనిట్లలో ఆ జాబితాకెక్కేవి ఎన్ని? అడిగేవాడు లేనప్పుడు టోపీ పెట్టుకుంటే ఏం, తలపాగా చుట్టుకుంటే ఏం?

ఇక అధికారులు. ఒకాయనకు ఫోన్ చేస్తే గనుల వాళ్లనడగమంటారు. గనుల వాళ్లు, రోడ్డు మీద పోస్తే రవాణా వాళ్లు చూడాలంటారు. వాళ్లేమో ట్యాంకరుకు పేపర్లన్నీ కరెక్టుగా ఉన్నాయంటారు. అదే జూన్ 5, పర్యావరణ దినోత్సవం వచ్చిందంటే అందరూ ఒకే వేదిక మీద దొరుకుతారు! నాటిన మొక్కకు ఆ తర్వాత చెంబెడు నీళ్లు పోసేవాడు మాత్రం కనపడడు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద సంగతీ ఇంతేనని మా చుట్టాలంటారు. నల్లరాయిలో బంగారు చుక్కలున్న గెలాక్సీ గ్రానైట్ మా ఊరి పేరును విదేశాల దాకా మోసుకెళ్లింది. మాకు మిగిలింది దుమ్ము.

కంపెనీ ఇచ్చిన ప్రెస్‌నోట్‌ను కామా మార్చకుండా వేయడానికి విలేకరి ఎందుకండీ? ఒక రాత్రి మీవాణ్ణి ఇటు పంపండి. ట్యాంకర్ల నంబర్లు కావాలంటే మా బజారు కుర్రాళ్ల ఫోన్లలో ఫొటోలున్నాయి, తారీఖులతో సహా ఇస్తారు.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా